పండగ రెట్రోలు: టీమ్ నోరు విప్పుతుందా, ఫొటోలతోనే సరిపోతుందా?

మారతహళ్ళి మేఘం · సోమవారం, సాయంత్రం 6:20

అందరికీ నమస్కారం. బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో స్క్రమ్ మాస్టర్‌గా, అంటే టీమ్ పని సాఫీగా నడిచేలా చూసే మనిషిగా చేస్తున్నాను. టీమ్‌లో తొమ్మిది మందిమి. తెలుగువాళ్లం నలుగురం, కన్నడవాళ్లు ఇద్దరు, చెన్నై అమ్మాయి ఒకరు, భువనేశ్వర్ అబ్బాయి ఒకరు, టెస్టింగ్ చూసే ఆమెది త్రిశూర్. ఏం తయారు చేయాలో తేల్చే ప్రొడక్ట్ ఓనర్ న్యూయార్క్‌లో ఉంటారు. పని రెండు వారాల విడతలుగా (స్ప్రింట్లుగా) చేస్తాం, రెండో శుక్రవారం సాయంత్రం రెట్రో, అంటే ఆ విడత ఎలా జరిగిందో వెనక్కి చూసుకునే మీటింగ్.

ఆ రెట్రో గురించే నా బెంగ. బోర్డు మీద మూడు గళ్లు ఉంటాయి: బాగా జరిగినవి, జరగనివి, ఇకమీదట చేయాల్సినవి. మొదటి గడిలో ‘టీమ్‌వర్క్ బాగుంది’ అని నాలుగు చీటీలు పడతాయి. రెండో దాంట్లో ‘రిక్వైర్‌మెంట్స్ మారుతున్నాయి’ అని రెండు. మూడోది ఖాళీ. ఇంకేమైనా ఉందా అని అడిగితే అందరూ మ్యూట్. శుక్రవారం సాయంత్రం సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ దాటి ఇల్లు చేరాలన్న తొందర నాకూ తెలుసు. కానీ వీళ్లే టీ దగ్గర నిలబడితే స్ప్రింట్‌లో ఎక్కడ ఏం తేడా కొడుతోందో పూస గుచ్చినట్టు చెప్తారు. ఆ మాటలు మీటింగ్‌లోకి మాత్రం రావడం లేదు.

ఉగాది దగ్గరపడింది. ఈసారి రెట్రోని పండగ రెట్రోగా పెడదామని ఉంది. ఎవరైనా చేసి చూశారా? ఏ పండగకి ఏది కుదురుతుంది? పిల్లల ఆటలా కాకుండా ఎలా నడపాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.


వేపపువ్వు · సోమవారం, రాత్రి 8:05

మేఘం గారూ, మా టీమ్‌లో ఏటా చేస్తాం. ఉగాదితో మొదలుపెట్టడం మంచి ఆలోచన. పచ్చడిలో ఆరు రుచులు ఉన్నాయి కదా, మూడు గళ్ల బదులు ఆరు గళ్లు గీయండి. అయితే గడి మీద ఉత్త ‘తీపి’, ‘చేదు’ అని రాసి వదిలేస్తే మళ్లీ అవే చీటీలు పడతాయి. ఏ రుచి దేన్ని అడుగుతోందో ముందే తేల్చి చెప్పాలి.

తీపి, చేదు అందరికీ తెలుసు, వాటి మీద ఎక్కువ టైమ్ పెట్టకండి. అసలు పని చేసేవి మిగతా నాలుగు. పులుపు అంటే ఒక్కసారిగా ముఖం ముడుచుకునేలా చేసింది, అంటే ముందు చెప్పకుండా మధ్యలో వచ్చిపడ్డ పని. కారం అంటే మాట వేడెక్కిన చోటు. కోడ్ రివ్యూలో, అంటే ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు పరిశీలించేటప్పుడు, ఎవరి కామెంట్ ఎవరిని గుచ్చుకుంది లాంటివి అక్కడికి వస్తాయి. వగరు మామిడి ముక్క. కొత్తగా మొదలుపెట్టి ఇంకా చేతికి రానిది, సగం నేర్చుకున్న టూల్, సగం రాసిన ఆటోమేషన్. ఇక ఉప్పు. వేస్తే ఎవరూ గమనించరు, వేయకపోతే ఒక్క ముద్ద దిగదు. ఎవరి కంటా పడకుండా ఎవరు ఏ పని చేస్తున్నారో ఆ గడిలో రాయమనండి.

మా దగ్గర ఉప్పు గడిలో ఒక టెస్టర్ అమ్మాయి రాసిన చీటీ ఇప్పటికీ గుర్తుంది. ‘రాత్రి బిల్డ్ ఫెయిలైతే పొద్దున మీరు వచ్చేలోపు నేను మళ్లీ నడుపుతున్నాను.’ ఆ సంగతి మాలో ఒక్కరికీ తెలీదు. పొద్దున బిల్డ్ (కోడ్ అంతా కలిపి ప్రోగ్రామ్‌గా కట్టడం) పచ్చగా, అంటే పాసైనట్టు కనిపిస్తే రాత్రంతా బాగానే ఉందనుకునేవాళ్లం. ఆ చీటీ నుంచి ఒక రోస్టర్ వచ్చింది, బిల్డ్ ఎందుకు ఫెయిలవుతోందో చూసే పని కూడా వచ్చింది. ‘జరగనివి’ అనే గడిలో ఆమె ఆ మాట ఎప్పటికీ రాసేది కాదు, ఎందుకంటే ఆమె దృష్టిలో పని జరుగుతూనే ఉంది.

ఇంకో మాట. పచ్చడి నిజంగా చేసి తెప్పించండి. చిన్న కప్పుల్లో పోసి ఒక్కొక్కరికీ ఇవ్వాలి. కప్పు అందుకున్న మనిషి రెండు మాటలు చెప్పాలి, మిగతావాళ్లు వినాలి. నోట్లో రుచి ఉండగా మాట త్వరగా వస్తుంది. మీ కన్నడవాళ్ల ఇళ్లలో ఆ రోజు బేవు బెల్ల, వేపపువ్వూ బెల్లమూ మాత్రమే తింటారు. వాళ్లని ఆ రెండింటితో మొదలుపెట్టమనండి, ఆరూ వివరించే పని మీ నలుగురూ తీసుకోండి.


బగ్గుల వేట · సోమవారం, రాత్రి 9:30

నా అభిప్రాయం వేరు. కొంచెం గట్టిగానే చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

చాలా ఏళ్లుగా టెస్టింగ్‌లో ఉన్నాను. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట క్రిస్మస్ రెట్రో పెట్టారు. ఎర్ర టోపీలు, కేకు, చెట్టు బొమ్మ మీద చీటీలు. ఆ స్ప్రింట్‌లో రిలీజ్ (కస్టమర్లకి ఇచ్చిన కొత్త వెర్షన్) వెనక్కి తీయాల్సి వచ్చింది, కస్టమర్ డేటా సరిచేయడానికి ఇద్దరు కుర్రాళ్లు రాత్రంతా కూర్చున్నారు. రెట్రోలో ఆ ఊసే రాలేదు. అంత సంబరంగా ఉన్న గదిలో ఆ మాట ఎత్తడానికి వాళ్లిద్దరికీ నోరు రాలేదు. ఫొటోలు మాత్రం ఆ సాయంత్రమే కంపెనీ పేజీలోకి ఎక్కాయి.

టీమ్ మాట్లాడకపోవడానికి బోర్డు బోర్ కొట్టడం కారణం కాదు. చెప్పినా ఏమీ మారదని తెలుసు కాబట్టి మాట్లాడరు. మేఘం గారూ, గత రెట్రోల్లో రాసుకున్న యాక్షన్ ఐటమ్స్‌లో, అంటే చేస్తామనుకున్న పనుల్లో, ఎన్ని పూర్తయ్యాయి? పచ్చడి సంగతి తర్వాత, ముందు ఆ జాబితా తెరవండి.


కోరమంగళ కోచ్ · సోమవారం, రాత్రి 10:15

వేట గారు అడిగిన ప్రశ్న న్యాయమైనది. పండగ థీమ్‌కి ఎక్కడ చోటివ్వాలి, ఎక్కడ ఇవ్వకూడదు అన్నది తేలితే ఆయన భయపడేది జరగదు.

రెట్రోల మీద పుస్తకం రాసిన ఎస్తర్ డెర్బీ, డయానా లార్సెన్ 2006లో రెట్రోని ఐదు దశలుగా విడదీసి చూపించారు. వాతావరణం సిద్ధం చేయడం, జరిగినవి పోగేయడం, ఎందుకు జరిగాయో తవ్వడం, ఏం చేయాలో తేల్చడం, ముగించడం. చాలామంది మొదటి దాని నుంచి నేరుగా నాలుగోదానికి దూకుతారు. పండగ ఉండాల్సింది మొదటి రెండింటిలో. గోడ మీద ఆరు రుచులు, చేతిలో కప్పు, అంతవరకే. ‘ఎందుకు’ అని తవ్వేటప్పుడు బొమ్మలన్నీ పక్కన పెట్టి తెల్ల బోర్డు ముందుకు రావాలి. ఏం చేయాలో తేల్చేటప్పుడు పేరూ తేదీ తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

టైమ్ కూడా చూసుకోండి. నెల రోజుల స్ప్రింట్‌కి రెట్రో మూడు గంటలు దాటకూడదని స్క్రమ్ పద్ధతి నియమాలు ఉన్న స్క్రమ్ గైడ్ చెప్తుంది. మీది రెండు వారాలు కాబట్టి గంట, మహా అయితే గంటన్నర. అందులో పండగకి పావుగంట మించి ఇవ్వకండి. అలంకరణకే అరగంట పోతే తవ్వే దశకి ఏమీ మిగలదు. వేట గారు చూసిన క్రిస్మస్ రెట్రోలో జరిగింది అదే అనుకుంటున్నాను.

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యమైనది. మొదలుపెట్టే ముందు రెట్రోల మీదే ఇంకో పుస్తకం రాసిన నార్మన్ కెర్త్ చెప్పిన ప్రధాన నియమాన్ని మీ మాటల్లో పైకి చదవండి. అప్పటికి తెలిసినంతలో, చేతిలో ఉన్నంతలో ప్రతి ఒక్కరూ చేయగలిగినంత చేశారని నమ్మి మాట్లాడుకుందాం అన్నది దాని సారం. పండగ పూట ఎవరి పొరపాటైనా నవ్వులాటకి దొరికిపోయే ప్రమాదం ఉంది. ఆ నియమం దానికి అడ్డుకట్ట.


కోలారు కుర్రాడు · మంగళవారం, ఉదయం 7:50

మాది కోలారు, ఇంట్లో తెలుగు, బయట కన్నడ. నా ఓటు సంక్రాంతికి. మూడు రోజులూ మూడు ప్రశ్నలు అడుగుతాయి.

భోగి నాడు పాతవి మంటలో వేస్తాం. టీమ్ మానేయాల్సిన పనులు అక్కడ. సంక్రాంతి రోజున ఇంటికొచ్చిన పంట, అంటే స్ప్రింట్‌లో నిజంగా యూజర్ చేతికి వెళ్లినవి. కోడ్ రాయడం పూర్తయి టెస్టింగ్‌లో ఆగినవి పంట కిందికి రావు, అవి ఇంకా చేలోనే ఉన్నాయి. కనుమ పశువుల పండగ. మన పంట వెనక ఎవరి కష్టం ఉందో వాళ్లకి దండం పెట్టే రోజు. మన టీమ్ బయట ఉండి మనకోసం పనిచేసినవాళ్ల పేర్లు అక్కడికి వస్తాయి.

భోగి మంటకి మేం ఒక షరతు పెట్టుకున్నాం. మన చేతిలో ఉన్నదే మంటలో వేయాలి. ‘క్లయింట్ కాల్స్’ అని ఎవరో రాశారు, అది మన చేతిలో లేదు కాబట్టి తీసేశాం. ‘రోజూ సాయంత్రం నింపే ఎక్సెల్ షీట్’ అని ఇంకొకరు రాశారు. టికెట్లలో (ఆన్‌లైన్‌లో పని నమోదు చేసే చీటీల్లో) ఉన్నదే మళ్లీ ఆ షీట్‌లో ఎక్కిస్తున్నాం. అది ఎవరు చదువుతారని అడిగితే ఒక్కరూ చెయ్యెత్తలేదు. ఎప్పుడో వెళ్లిపోయిన మేనేజర్ కోసం మొదలైందట. అప్పటికప్పుడు స్క్రీన్ షేర్ చేసి షీట్‌ని ఆర్కైవ్‌లో పడేశాం. ఆ రోజు గదిలో వచ్చిన చప్పట్లు ఏ డెమోలోనూ రాలేదు.

బెంగళూరులో ఉన్నారు కాబట్టి ఎళ్ళు బెల్ల మర్చిపోకండి. నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి, వేరుశనగ, పుట్నాలు కలిపి పొట్లాలు కట్టి ఇస్తూ ‘ఎళ్ళు బెల్ల తిందు ఒళ్ళెయ మాతాడి’ అంటారు, తిని మంచి మాట్లాడమని. మా టీమ్‌లో పొట్లం ఇచ్చే మనిషి పుచ్చుకునేవాళ్లతో, ఆ స్ప్రింట్‌లో వాళ్లు చేసిన ఒక పని పేరెత్తి చెప్పాలి. ‘నువ్వు మంచివాడివి’ అంటే కుదరదు. ‘మంగళవారం నా మైగ్రేషన్ స్క్రిప్ట్‌లో తేదీల తప్పు పట్టావు’ అని చెప్పాలి.


సర్వర్ గది · మంగళవారం, ఉదయం 9:10

కోలారు తమ్ముడూ, కనుమ గడిలో ఒకసారి నా పేరు పడింది. నేను ఆ టీమ్‌లో లేను, సర్వర్లు చూసుకునే మౌలిక వసతుల టీమ్‌లో ఉంటాను. ఆరు టీమ్‌లు మా మీద ఆధారపడతాయి, ఏదైనా పడిపోయినప్పుడు మాత్రమే మాకు ఫోన్ వస్తుంది. ఆ రోజు వాళ్ల స్క్రమ్ మాస్టర్ చీటీ ఫొటో పంపారు. సర్వర్ భద్రతా సర్టిఫికెట్ గడువు తీరకముందే నేను మార్చానని, అందుకే రిలీజ్ ఆగలేదని ఉంది అందులో. ఎవరికీ తెలియదనుకున్న పని అది. ఇది చదివే స్క్రమ్ మాస్టర్లకి ఒకటే విన్నపం: కనుమ చీటీలు బోర్డు మీదే వదిలేయకండి, ఆ మనిషికి చేర్చండి.


గుంటూరు ఇంటి నుంచి · మంగళవారం, మధ్యాహ్నం 1:25

పచ్చడి కప్పులు, పొట్లాలు అంటున్నారు. నాలాగా ఊరి నుంచి పనిచేసేవాళ్ల సంగతేంటి? మా టీమ్‌లో సగం మంది బెంగళూరులో, సగం మంది ఇళ్లలో. కాన్ఫరెన్స్ రూమ్‌లో ఎనిమిది మంది ఒక కెమెరా ముందు కూర్చుంటారు. ఎవరు నవ్వారో, ఎందుకు నవ్వారో మాకు తెలీదు. స్వీట్ డబ్బా ఒకరి నుంచి ఒకరికి పోతుంటే స్క్రీన్‌లో చూస్తూ కూర్చోవడం మనసుకి కష్టంగా ఉంటుంది.

మేం గొడవ చేసి మార్పించుకున్నాం. ఆఫీసులో ఉన్నా సరే ఎవరి ల్యాప్‌టాప్ నుంచి వాళ్లే చేరాలి, చీటీలన్నీ ఆన్‌లైన్ బోర్డు మీదే. మొదట మాట్లాడేది దూరంగా ఉన్నవాళ్లు. ఉగాదికి అయితే ముందురోజే మెసేజ్ పెట్టండి, మీ వంటింట్లో ఉన్న ఏదో ఒక రుచి గిన్నెలో పెట్టుకుని రండి అని. నేను మా అమ్మ పెట్టిన పాత చింతకాయ పచ్చడి తెచ్చుకున్నాను. నా వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన మొదటి రెట్రో అది.

అమెరికాలో ఉన్న ప్రొడక్ట్ ఓనర్‌ని కూడా మర్చిపోకండి. న్యూయార్క్‌కి మనం ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు ముందుంటాం. మార్చిలో వాళ్ల గడియారం మారుతుంది, ఉగాది ఆ తర్వాతే వస్తుంది. మన సాయంత్రం 5 వాళ్లకి పొద్దున 7:30. ఆ వేళకి లేచి వచ్చిన మనిషికి ఆరు రుచుల సంగతి రెండు వాక్యాల్లో ముందే రాసి పంపితే, మీటింగ్‌లో వివరణకి పది నిమిషాలు పోవు.


శివాజీనగర్ నుంచి · మంగళవారం, సాయంత్రం 4:40

మాది కర్నూలు, ముస్లింని. ఉగాది రెట్రోలో నేనూ కూర్చున్నాను, నాకు నచ్చింది. చిన్నప్పుడు పక్కింటి నుంచి వచ్చే పచ్చడి ఎలాగూ అలవాటే.

ఒక విషయం మాత్రం చెప్పాలి. ఒక ఆఫీసులో ఆయుధ పూజ, రెట్రో కలిపేశారు. హారతి ఇచ్చి, కంప్యూటర్లకి బొట్లు పెట్టి, అదే ఊపులో రెట్రో మొదలైంది. పూజ చేసుకోవడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. రెండూ కలిపేసరికి గదిలో ఉండాలో బయట నిలబడాలో తెలియలేదు. ఇంకో క్రిస్టియన్ అమ్మాయిదీ అదే పరిస్థితి. పూజ పూజగా పెట్టుకోండి, ఇష్టమైనవాళ్లు వస్తారు. కాస్త విరామం ఇచ్చి రెట్రో వేరేగా మొదలుపెట్టండి. పండగలోని ఆలోచన తీసుకుంటే అందరం చేరతాం. పూజని తీసుకుంటే కొందరం ఆగిపోతాం.

రంజాన్ నెలలో సాయంత్రం రెట్రో పెట్టి ముందు సమోసాలు పెట్టకండి. ఉపవాసంలో ఉన్నవాళ్లని ఉదయం ఎప్పుడు వీలవుతుందో అడగండి. ఆ నెలలో మాలో చాలామంది జకాత్, అంటే పేదలకి ఇవ్వాల్సిన దానం, లెక్క వేసుకుంటాం. ఏడాది పాటు దగ్గరున్న సొమ్ములో నూటికి రెండున్నర వంతు ఇవ్వాలి. ఇంతకుముందు టీమ్‌లో ఆ అలవాటు మీద నేనే ఒక రెట్రో నడిపాను. మన స్ప్రింట్ టైమ్‌లో ఇతరులకి ఎంత ఇస్తున్నాం అన్నదే ప్రశ్న. పక్క టీమ్ అడిగిన సాయం, కొత్తగా చేరినవాళ్లకి నేర్పడం, డాక్యుమెంట్లు రాయడం. లెక్క తీస్తే డాక్యుమెంట్ల దగ్గర సున్నా వచ్చింది. తర్వాతి స్ప్రింట్‌లో దానికి ఒక టికెట్ పెట్టి, ఒకరికి అప్పగించాం.


మారతహళ్ళి మేఘం · మంగళవారం, సాయంత్రం 6:55

అందరికీ చాలా థాంక్స్. శివాజీనగర్ గారూ, మీరు చెప్పింది నోట్ చేసుకున్నాను. పూజ ఉండదు, పచ్చడి మాత్రమే.

వేట గారూ, మీరు అడిగిన జాబితా తెరిచాను. చాలా వాటికి పేరు లేదు, ‘టీమ్’ అని ఉంది. తేదీ ఒక్కదానికీ లేదు.

ఇంకో సమస్య వచ్చింది. ఉగాది రెట్రో అనగానే మా మేనేజర్ గారు ‘నేనూ వస్తాను, సరదాగా ఉంటుంది’ అన్నారు. మనిషి మంచివారే. కానీ ఆయన ఉంటే కారం, పులుపు గళ్లు ఖాళీగా ఉంటాయేమోనని టెన్షన్‌గా ఉంది. వద్దని ఎలా చెప్పను?


హెబ్బాళ మేనేజర్ · మంగళవారం, రాత్రి 9:45

నేను మేనేజర్‌నే, కాబట్టి నేను చెప్తే తేలిగ్గా ఉంటుంది. ఏడాది జీతం పెంపు నా చేతిలో ఉన్నంతవరకూ, నేను గదిలో ఉంటే మాట మారుతుంది. నేనెంత స్నేహంగా ఉన్నా అది మారదు.

మా దగ్గర పద్ధతి ఇది. రెట్రోకి నేను వెళ్లను. చివరి పది నిమిషాలకి పిలుస్తారు. అప్పటికి టీమ్ ఒక విషయం తేల్చి ఉంచుతుంది, వాళ్లు చేసుకోలేనిది, నా స్థాయిలోనే కదిలేది. నేను చేయగలనో లేదో అక్కడే చెప్పాలి, చేయగలిగితే తేదీ ఇవ్వాలి. గత దసరాకి రెండో స్టేజింగ్ సర్వర్ (రిలీజ్‌కి ముందు పరీక్షించే సర్వర్) అడిగారు. రెండు టీమ్‌లు ఒకే సర్వర్ మీద టెస్ట్ చేస్తూ ఒకరి డేటాని ఒకరు చెరిపేస్తున్నారని అప్పుడే నాకు తెలిసింది. బడ్జెట్‌కి నెల పడుతుందని చెప్పాను, పట్టింది, వచ్చింది. ఆ తర్వాతే వాళ్లు నాకు అసలు విషయాలు చెప్పడం మొదలుపెట్టారు.

మీ మేనేజర్‌తో ‘రావద్దు’ అనకండి. ‘సార్, చివర్లో మీకోసం ఒక పని ఉంచుతాం, 5:50కి రండి’ అనండి. పచ్చడి ఆయనకీ ఒక కప్పు దాచండి.


కోరమంగళ కోచ్ · బుధవారం, ఉదయం 8:30

మేనేజర్ గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

మిగతా పండగల గురించి కూడా ప్రైవేట్‌గా అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే రాస్తాను. ఆయుధ పూజ పనిముట్ల పండగ. పూజ వేరుగా పెట్టుకుని, ఆ వారం రెట్రోలో మనుషుల గురించి కాకుండా పనిముట్ల గురించే మాట్లాడండి. బిల్డ్‌కి ఎంతసేపు పడుతోంది, ఏ టెస్టులు ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలవుతున్నాయి, ఏ లైసెన్స్ కోసం ఎవరు ఆగిపోతున్నారు. బెంగళూరులో ఆ ముందురోజు షాపుల్లో, గ్యారేజీల్లో మిషన్లన్నీ కడిగి తుడుస్తారు. మీరూ ఒక పూట స్ప్రింట్ పని ఆపి ఆ టెస్టులు శుభ్రం చేయండి.

బొమ్మల కొలువు ప్రాధాన్యం తేల్చడానికి బాగా పనికొస్తుంది. మెట్లు బేసి సంఖ్యలో పెడతారు కదా, ఐదు మెట్లు గీయండి. పై మెట్టు మీద ఒకే చీటీకి చోటు. రెండు పెడతామంటే ఒప్పుకోకండి. ఏది పైన ఉండాలన్న వాదనలోనే టీమ్ అసలు బాధ బయటపడుతుంది.

వినాయక చవితికి చాలామంది విఘ్నాల జాబితా రాయిస్తారు. నేను నిమజ్జనం తీసుకుంటాను. ఆరు నెలలుగా జాబితాలో మూలుగుతున్న యాక్షన్ ఐటమ్స్‌ని ఒక్కొక్కటే చదివి, ఇది మనం నిజంగా చేస్తామా అని అడుగుతాను. చేయం అనుకున్నవాటిని అందరి ఎదుటా చెరిపేస్తాం. మేఘం గారూ, ‘టీమ్’ అని పేరున్న మీ పాత జాబితాకి పండగ వచ్చేదాకా ఆగక్కర్లేదు.

డిసెంబరులో ఏడాది మొత్తం మీద ఒక రెట్రో పెట్టండి. అమెరికా రిటైల్ క్లయింట్లు చాలామంది నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ దగ్గర నుంచి పండగ అమ్మకాలు అయ్యేవరకూ ప్రొడక్షన్‌లో (యూజర్లు వాడే అసలు సిస్టమ్‌లో) మార్పులు ఆపేస్తారు. తీరికగా వెనక్కి చూడటానికి అంతకన్నా మంచి వేళ దొరకదు.


బగ్గుల వేట · బుధవారం, మధ్యాహ్నం 12:10

నిమజ్జనం ఆలోచన నాకు నచ్చింది. చేయని పనిని చేస్తామని రాసుకుని తిరగడం కన్నా చెరిపేయడం నిజాయితీ.

అయినా నా షరతు మారదు. ప్రతి రెట్రో మొదటి ఐదు నిమిషాలూ పోయినసారి రాసుకున్న పని ఏమైందో చూడాలి. ఆ తర్వాతే పచ్చడైనా, పొట్లమైనా. రిలీజ్ పడిపోయిన వారమైతే పండగ థీమ్ పూర్తిగా మానేయండి. ఆ రాత్రి మేల్కొన్నవాళ్లకి ఆ వారం కావలసింది వేరు.


వేపపువ్వు · బుధవారం, మధ్యాహ్నం 12:40

వేట గారి చివరి మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. మేం కూడా అలాంటి వారం ఉగాది రెట్రోని తర్వాతి స్ప్రింట్‌కి జరిపాం. పచ్చడి తినడం ఒక వారం ఆలస్యమైతే ఏం కాదు.


మారతహళ్ళి మేఘం · తర్వాతి సోమవారం, ఉదయం 10:30

రెట్రో అయ్యింది. వివరంగా చెప్తాను, ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు కాబట్టి.

మొదట పాత జాబితా. ఉంచుకున్నవి రెండే, మిగతావి అందరూ చూస్తుండగా చెరిపేశాను. తర్వాత కెర్త్ నియమం చదివాను. పచ్చడి మా తెలుగు డెవలపర్ ఒకరి ఇంటి నుంచి వచ్చింది. కన్నడవాళ్లిద్దరూ బేవు బెల్లతో మొదలుపెట్టారు. చెన్నై అమ్మాయి తమిళ ఉగాదికి వాళ్లింట్లోనూ మామిడికాయ పచ్చడి చేస్తారని, అందులోనూ వేపపువ్వు పడుతుందని చెప్పింది. భువనేశ్వర్ అబ్బాయి వాళ్ల పణా సంక్రాంతికి మారేడు పండు గుజ్జుతో చేసే పానకం గురించి చెప్పాడు. రోజూ జరిగే చిన్న మీటింగ్ (స్టాండప్)లో రెండు వాక్యాలు దాటని అబ్బాయి అతను. ఆ ఊపులోనే పులుపు గడిలో మూడు చీటీలు అతనే పెట్టాడు.

మూడింటిదీ ఒకే విషయం. ప్రతి స్ప్రింట్‌లో బుధవారం పొద్దున ఏదో ఒక స్టోరీ (చేయాల్సిన పని వివరణ) మారిపోతోంది. ఇన్నాళ్లూ దాన్నే ‘రిక్వైర్‌మెంట్స్ మారుతున్నాయి’ అని రాసి వదిలేస్తున్నారు. ఈసారి తెల్ల బోర్డు ముందు నిలబడి ఎందుకు బుధవారమే అని అడిగాం. లైన్‌లో ఉన్న ప్రొడక్ట్ ఓనర్ కాసేపు ఆలోచించి, ఆమెకి బిజినెస్ వాళ్లతో మీటింగ్ మంగళవారం మధ్యాహ్నం ఉంటుందని చెప్పారు. మనకి అది మంగళవారం అర్ధరాత్రి. మన ప్లానింగ్ సోమవారం. అంటే ఆమె అసలు నిర్ణయం వినకముందే మనం స్ప్రింట్ మొదలుపెడుతున్నాం. అక్కడ అందరూ ఒక్క క్షణం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లూ ఆమె మీద ఉన్న కోపం సగం అప్పుడే పోయింది.

నిర్ణయం ఒకటే తీసుకున్నాం. స్ప్రింట్ ఇకమీదట గురువారం మొదలవుతుంది, బుధవారం ముగుస్తుంది. క్యాలెండర్ మార్చే పని నాది. మంగళవారం మీటింగ్‌లో తేలిన విషయాలు బుధవారం మధ్యాహ్నంలోపు రాసి పంపే పని ఆమెది. మేనేజర్ గారు 5:50కి వచ్చారు. మన రిలీజ్ రోజు ఇంకో టీమ్‌తో ముడిపడి ఉంది, వాళ్లతో మాట్లాడే పని ఆయన తీసుకున్నారు. శుక్రవారం లోపు అన్నారు, ఈరోజు పొద్దునే మెయిల్ వచ్చింది, వాళ్లు ఒప్పుకున్నారట.

కారం గడి మాత్రం ఖాళీగానే ఉంది. మొదటిసారికి తొందరపెట్టలేదు.


గుంటూరు ఇంటి నుంచి · సోమవారం, ఉదయం 11:15

చాలా సంతోషంగా ఉంది మేఘం గారూ. కారం గడికి పేర్లు కనిపించని చీటీలు వాడి చూడండి. ఆన్‌లైన్ బోర్డుల్లో ఆ సౌకర్యం ఉంటుంది. మా దగ్గర మొదట రెండు మూడు సార్లు పేరు లేకుండానే వచ్చాయి, తర్వాత వాళ్లే పేర్లు పెట్టడం మొదలుపెట్టారు.


కోలారు కుర్రాడు · సోమవారం, ఉదయం 11:50

త్రిశూర్ ఆమె ఏమన్నారు? ఏప్రిల్ మధ్యలో కేరళవాళ్ల పండగ విషు వస్తుంది కదా.


మారతహళ్ళి మేఘం · సోమవారం, మధ్యాహ్నం 2:05

అడిగారు కాబట్టి చెప్తాను, విషు రెట్రో తనే నడుపుతానంది. విషు పొద్దున కళ్లు తెరవగానే మొదట కణి చూడాలట, కొన్నపూలు (రేల పూలు), దోసకాయ, బియ్యం, అద్దం, ముందు రాత్రే పెద్దవాళ్లు అమర్చి ఉంచుతారు. పొద్దున లాగిన్ అవగానే మనం మొదట చూసేది ఏమిటి, అది ఎవరు అమర్చారు, అక్కడ అసలు ఏం కనబడాలి అన్నది తన ప్రశ్న. ఇప్పుడు మేం మొదట చూసేది రెండొందల చదవని అలర్ట్‌లున్న ఛానల్. అందులో ఏవి అవసరమో ఈ వారమే లెక్క తీయడం మొదలుపెట్టింది.

స్ప్రింట్ మారింది కాబట్టి రెట్రో ఇక బుధవారం సాయంత్రం 5కి. గుంటూరు గారూ, పేర్లు కనిపించని చీటీలు ఆ రోజే పెడతాను.